రక్తాన్ని తాకే నీళ్లకు లెక్కేది?

ఉద్దానం రాజకీయమంతా ఏళ్ల తరబడి నీళ్ల చుట్టూనే తిరిగింది. తాగే నీళ్ల వల్లే కిడ్నీలు పోతున్నాయని జనం అనుమానించారు. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంతవరకూ తేల్చలేదు గానీ, హిరమండలం జలాశయం నుంచి 700 కోట్ల రూపాయల పథకంతో వంశధార నీళ్లు పైపుల్లో ఊళ్లకు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరుచుకుంది. ఆ రెండూ జరగాల్సిన పనులే, జరిగినందుకు సంతోషమే. కానీ కిడ్నీలు పూర్తిగా పోయి డయాలిసిస్ మంచమెక్కిన మనిషికి ఇంకో రకం నీళ్లతో పని పడుతుంది. నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్లు. ఆ నీళ్లకూ అతని రక్తానికీ మధ్య ఉండేది వెంట్రుక మందం కూడా లేని పొర. వారానికి మూడుసార్లయితే ఏడాదికి 18 వేల లీటర్ల పైమాటే. మనం తాగే రెండు మూడు లీటర్లకు కడుపులో ఆమ్లం, పేగు గోడ, కాలేయం కాపలా ఉంటాయి. ఈ వేల లీటర్లకు ఆ కాపలా లేదు. ఈ నీళ్ల గురించి అసెంబ్లీలో ఎవరైనా నోరు విప్పారా? ఏ డయాలిసిస్ కేంద్రం గోడ మీదైనా పోయిన నెల నీటి పరీక్ష ఫలితం అంటించి ఉండగా రోగి బంధువులు చదివారా?

ప్రభుత్వాలు లెక్కపెట్టేది సెషన్లను. 2016లో కేంద్రం మొదలుపెట్టిన ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమం ఘనత ఎంతంటే ఇన్ని జిల్లాలు, ఇన్ని యంత్రాలు, ఇన్ని లక్షల సెషన్లు అంటారు. 2007 నుంచి మన దగ్గర నడుస్తున్న ఆరోగ్యశ్రీ కింద జరిగేదీ అదే లెక్క. కేంద్ర పథకంలో ప్రైవేటు భాగస్వామికి డబ్బు ముట్టేది సెషన్‌కు ఇంత అని. టెండరు దక్కేది ఆ రేటు తక్కువ కోట్ చేసినవాడికి. ఈ పద్ధతి వల్ల డయాలిసిస్ జిల్లా ఆసుపత్రుల దాకా వచ్చిన మాట నిజం. హైదరాబాదు, విశాఖ బస్టాండుల్లో పడిగాపులు పడిన కుటుంబాలకు దాని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే సెషన్ జరిగిందా లేదా అన్నది తప్ప, ఎలా జరిగిందన్న ప్రశ్న ఈ చెల్లింపులో ఎక్కడా లేదు. డయాలిసిస్ మీద అయిదారేళ్లు నెట్టుకొచ్చిన మనిషిని చివరికి కూల్చేది మాత్రం ఆ ‘ఎలా’లోనే ఉంటుంది. దాని పేరు ఇన్‌ఫ్లమేషన్.

ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడి, వాచి, నాలుగు రోజుల్లో తగ్గుతుంది. అది ఒంటిని కాపాడే ఇన్‌ఫ్లమేషన్. డయాలిసిస్ రోగిలో ఉండేది అలా తగ్గేది కాదు. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, నివురుగప్పిన నిప్పులా లోపల్లోపలే ఏళ్ల తరబడి రగులుతుంది. ఆ రగులుడు సంకేతాలు అందుకున్న కాలేయం సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను ఎక్కువ చేసి, ఆల్బుమిన్ అనే మరో ప్రొటీన్ తయారీని తగ్గిస్తుంది. ఆకలి చచ్చిపోతుంది. కండ కరుగుతుంది. ఒంట్లో ఇనుము ఉన్నా అది రక్తానికి అందకుండా నిల్వల్లోనే బిగుసుకుపోతుంది కాబట్టి ‘రక్తం పెరిగే ఇంజెక్షన్’ ఎన్నిసార్లు పొడిచినా హిమోగ్లోబిన్ ఏడూ ఎనిమిది దగ్గరే ఉండిపోతుంది. రక్తనాళాల గోడలు గట్టిపడతాయి. డయాలిసిస్ రోగులు గుండె జబ్బుతో చనిపోయే అవకాశం మామూలు జనంకంటే 10 నుంచి 20 రెట్లు ఎక్కువని 1990ల చివర్లోనే పరిశోధకులు చెప్పారు. 1999లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థకు చెందిన పీటర్ స్టెన్‌వింకెల్ బృందం పోషకాహార లోపం, ఇన్‌ఫ్లమేషన్, రక్తనాళాలు పూడుకుపోవడం ఈ మూడూ కిడ్నీ రోగుల్లో ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడి ఉన్నాయని చూపించింది. అంతకంటే తొమ్మిదేళ్ల ముందు, 1990లో, అమెరికాలో 12 వేల మందికి పైగా డయాలిసిస్ రోగుల రికార్డులు పరిశీలించిన లౌరీ, లూ అనే ఇద్దరు ఆల్బుమిన్ తక్కువున్నవారికే చావు ముందుగా వస్తోందని రాశారు. అంటే ఇది నిన్న మొన్న బయటపడ్డ రహస్యం కాదు. మన దగ్గర మాత్రం కేసు షీటులో గుండె ఆగిందని రాస్తారు, ఇంట్లో ఆయుష్షు అంతే ఉందనుకుంటారు, ఫైలు మూసేస్తారు.

కిడ్నీ పాడైనప్పుడే ఈ రగలడం మొదలవుతుందన్నదీ నిజమే. మంచి కిడ్నీ బయటికి పంపాల్సిన మలినాలూ, ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే రసాయనాలూ ఒంట్లోనే పేరుకుపోతాయి. నీరు ఎక్కువైతే పేగు గోడ వాచి సూక్ష్మజీవుల విషాలు రక్తంలోకి జారతాయి. చిగుళ్లు చెడతాయి. ఎప్పుడో విఫలమై పొట్టలోనే మిగిలిపోయిన మార్పిడి కిడ్నీ కూడా కారణం కావచ్చు. అంతా డయాలిసిస్ కేంద్రాల పాపమేనని ఎవరూ అనరు. మా ఆరోపణ వేరు. ఉన్న నిప్పును ఆర్పలేకపోయినా ఎగదోయకుండా ఉండడం డయాలిసిస్ కేంద్రం చేతిలో ఉంది, ఆ పని చేయించడం ప్రభుత్వం చేతిలో ఉంది. ఇద్దరూ చేయడం లేదు.

డయాలిసిస్ హాల్లో పనిచేసిన ఎవరినైనా అడగండి. సూదులు పెట్టి మిషన్‌కు కలిపిన గంటకో గంటన్నరకో ఓ రోగికి ఉన్నట్టుండి వణుకు మొదలవుతుంది. పళ్లు టకటకా కొట్టుకుంటాయి. భార్య పరుగున వచ్చి దుప్పటి మీద దుప్పటి కప్పుతుంది. టెక్నీషియన్ వచ్చి ఏవిల్, హైడ్రోకార్టిజోన్ ఇస్తాడు. “మావయ్యా, కాస్త ఓర్చుకో, ఇప్పుడే తగ్గిపోద్ది” అంటాడు. నిజంగానే తగ్గుతుంది. సెషన్ పూర్తవుతుంది. రిజిస్టరులో నాలుగు గంటలు పడుతుంది. బిల్లు వెళుతుంది. అసలు జరగాల్సింది వేరు. ఆ వణుకు మొదలైన క్షణాన రక్తాన్ని కల్చర్‌కు పంపాలి, ఆ మిషన్‌లోని ద్రావణం శాంపిల్ తీయాలి, పక్క మంచాల మీద ఇంకెవరికైనా వణుకు వచ్చిందేమో రాసుకోవాలి. వణుకంటే నీళ్లలో చచ్చిన బ్యాక్టీరియా తునకలు పొర దాటి రక్తంలోకి వచ్చాయన్న కబురు కావచ్చు, లేదా డయాలిసిస్ కోసం మెడలో వేసిన పైపు చీము పట్టిందన్న కబురు కావచ్చు. ఒక ఏవిల్ ఇంజెక్షన్‌తో మనం ఆ కబురును నోరు నొక్కి పంపేస్తున్నాం. పైకి కనిపించే వణుకుకే ఈ గతి పడితే, వణికించేంత లేని మోతాదులో ప్రతి సెషన్‌లోనూ లోపలికి జారే తునకల గురించి పట్టించుకునేదెవరు?

బ్యాక్టీరియాను ఆపితే సరిపోదు. డయలైజర్ (రక్తాన్ని వడగట్టే ఫిల్టరు) పొర బ్యాక్టీరియాను ఆపుతుంది. కానీ బ్యాక్టీరియా చచ్చి చీలినప్పుడు వెలువడే ఎండోటాక్సిన్ తునకల్లో చిన్నవి ఆ పొరను దాటిపోగలవు. అందుకే అంతర్జాతీయ ప్రమాణం రెండు పరీక్షలూ అడుగుతుంది. డయాలిసిస్ నీటిలో మిల్లీలీటరుకు బ్యాక్టీరియా 100 కాలనీలు దాటకూడదు, ఎండోటాక్సిన్ 0.25 యూనిట్లు మించకూడదు. ఇంకా మేలైన ‘అల్ట్రాప్యూర్’ ద్రావణానికి ఈ హద్దులు 0.1 కాలనీ, 0.03 యూనిట్లు. నీళ్లలో పెరిగే ఈ సూక్ష్మజీవులు నిదానంగా పెరిగే రకం. మామూలు మూత్రం కల్చర్ చేసినట్టు చేసేస్తే అవి లేవనే ఫలితం వస్తుంది. తక్కువ పోషకాలున్న మాధ్యమంలో, చల్లటి ఉష్ణోగ్రతలో, ఏడు రోజులు ఓపిక పడితే గాని బయటపడవు. జిల్లా ఆసుపత్రి ల్యాబులో ఈ పద్ధతి తెలిసినవారు ఎందరున్నారో ఆరోగ్య శాఖ చెప్పాలి.

కేంద్ర పథకం మార్గదర్శకాల్లో పని పంపకం చూడండి. స్థలం, కరెంటు, నీళ్లు ప్రభుత్వం ఇస్తుంది. మిషన్లు, ఆర్‌వో ప్లాంటు, సిబ్బంది, ఫిల్టర్లు ప్రైవేటు భాగస్వామి తెచ్చుకోవాలి. ఇప్పుడు నీళ్లు చెడితే తప్పెవరిది? బోరులోంచి వచ్చిన నీళ్లే అలాంటివని ఆ ప్రైవేటు ఏజెన్సీ అంటుంది. శుద్ధి చేయాల్సింది మీరేగా అని సూపరింటెండెంటు అంటారు. ఈ తగువు తీరేలోగా ఆర్‌వో గదిలో ఉన్న నిల్వ ట్యాంకు అడుగున, మిషన్ దాకా వెళ్లే పైపుల్లో ఎక్కడ నీరు కదలకుండా ఆగితే అక్కడ జిగురు పొర కట్టుకుంటుంది. ఒకసారి కట్టిందంటే బ్లీచింగుకో పట్టాన లొంగదు. అందుకే పైపులైను చుట్టు తిరిగేలా వేయాలి, ఎక్కడా చివర మూసుకుపోయిన మలుపు ఉండకూడదు, డయాలిసిస్ కేంద్రానికి సెలవున్న రోజు కూడా నీరు ఆగకూడదు. కేంద్రం ప్రారంభానికి వచ్చిన మంత్రులు రిబ్బను కత్తిరించి, మొదటి మంచం దగ్గర నిలబడి ఫొటో దిగుతారు. పక్కనున్న ఆర్‌వో గది తలుపు తీయించిన మంత్రి ఒక్కరైనా ఉన్నారా?

నీళ్లు ఒక్కసారిగా విషమైతే ఏమవుతుందో ప్రపంచం ఓసారి చూసింది. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో ఒక డయాలిసిస్ కేంద్రానికి జలాశయం నుంచి సరిగా శుద్ధి చేయని నీళ్లు ట్యాంకర్లలో తెచ్చారు. వాటిలో నీలి ఆకుపచ్చ శైవలాల విషం ఉంది. కాలేయాలు చెడి 50 మందికి పైగా రోగులు చనిపోయారు. అంతమంది ఒకేసారి పోయారు కాబట్టి ఆ దేశం కదిలింది, కొత్త నిబంధనలు వచ్చాయి. అదే నీళ్లు కొంచెం కొంచెంగా చెడ్డవైతే, మనుషులు ఒక్కొక్కరుగా, వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు తేదీల్లో, గుండె జబ్బు పేరుతో పోతారు.

ఇక మెడలో పైపు సంగతి. 1966లోనే న్యూయార్క్‌లో బ్రెస్కియా, సిమినో బృందం మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా చేసే పద్ధతి చెప్పింది. మత్తు ఇంజెక్షన్ ఆ చోటికే ఇచ్చి చేసే చిన్న ఆపరేషన్ అది. ఒంట్లో బయటి వస్తువేదీ ఉండదు, చేయి మీద వేలు పెడితే జుమ్మని కొట్టుకుంటుంది. అరవై ఏళ్లయినా దానికి మించినది రాలేదు. చిక్కేమిటంటే అది బలపడడానికి వారాలు పడుతుంది, అంటే డయాలిసిస్ మొదలుకాకముందే చేయాలి. మన దగ్గర రోగి కిడ్నీ డాక్టరు ముందుకు వచ్చేసరికే ఆయాసంతో, క్రియాటినిన్ పది దాటి వస్తాడు. ఆ రాత్రే మెడలో పైపు వేస్తారు. కొన్నాళ్లకని వేసిన పైపు నెలలు గడిచినా అక్కడే ఉంటుంది. దాన్ని పెట్టుకునే అతను బస్సెక్కుతాడు, మోటారు సైకిలు వెనక కూర్చుని మట్టి రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు వస్తాడు, చెమటకు ప్లాస్టరు అంచులు ఊడితే తువ్వాలు చుట్టుకుంటాడు. ఆ పైపు గుండె పై గది దగ్గరిదాకా వెళ్లే దారి. చీము పట్టకపోయినా దాని గోడకు పట్టిన సూక్ష్మజీవుల పొర వల్ల సీఆర్‌పీ పెరిగే ఉంటుంది. పైపు మీద సెషన్ చేసినా, ఫిస్టులా మీద చేసినా టెండరు రేటు ఒకటే. అలాంటప్పుడు ఫిస్టులా కోసం రోగిని తొందరపెట్టాల్సిన అవసరం ఏజెన్సీకి ఏముంది? ప్రతి కేంద్రంలో ఎంతమంది మూడు నెలలు దాటి పైపు మీదే ఉన్నారో ఒక్క అంకె అడిగితే చాలు, సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

ఫిల్టర్ల విషయంలో తెలంగాణకు ఇవ్వాల్సిన మెచ్చుకోలు ఇవ్వాలి. ఒక్కసారే వాడి పారేసే ఫిల్టర్ల పద్ధతిని సర్కారు దవాఖానాల్లో దేశంలోనే ముందుగా తెచ్చామని ఆ రాష్ట్రం చెప్పుకుంది, చెప్పుకోదగ్గదే. ఒకే ఫిల్టరును ఫార్మలిన్‌తోనో పెరాసెటిక్ ఆమ్లంతోనో కడిగి మళ్లీ మళ్లీ వాడడం దేశంలో చాలాచోట్ల మామూలే. కడగడం పద్ధతిగా జరిగితే ఒప్పుకోవచ్చు. కానీ కడిగేదీ అదే ఆర్‌వో నీళ్లతో. ఒకరి ఫిల్టరు మరొకరికి తగిలించే ప్రమాదం, హెపటైటిస్-సి పాకే ప్రమాదం ఉండనే ఉన్నాయి. ఆ ఇన్‌ఫెక్షన్ కూడా లోపలి రగులుడికి తోడవుతుంది. అయితే తెలంగాణ ఫిల్టరు మార్చింది కాబట్టి నీళ్ల గురించి అడగక్కర్లేదని కాదు. కొత్త ఫిల్టరులోంచి పాత నీళ్లు పారితే ప్రయోజనం సగమే.

వీటన్నింటికన్నా చౌకైన మందు తిండి. దాని గురించి ఎవరికీ పట్టింపు లేదు. డయాలిసిస్‌కు ముందు దశలో డాక్టర్లు ప్రొటీన్ తగ్గించమంటారు. పప్పు మానెయ్, గుడ్డు మానెయ్ అన్న ఆ మాట రోగి మనసులో పాతుకుపోతుంది. డయాలిసిస్ మొదలయ్యాక మాట తలకిందులవుతుంది. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి, ఎందుకంటే ప్రతి సెషన్‌లోనూ కొన్ని గ్రాముల అమైనో ఆమ్లాలు ఆ నీళ్లతో కొట్టుకుపోతాయి. ఈ మార్పు చెప్పే డైటీషియన్ ఎన్ని కేంద్రాల్లో ఉన్నారు? చేప, గుడ్డు మళ్లీ తినొచ్చని తెలియక గంజి, మజ్జిగన్నంతో సరిపెట్టుకునే అరవై కిలోల రైతు రెండేళ్లలో నలభై ఎనిమిదికి దిగిపోతాడు. ఆ తగ్గుదల కండదని గుర్తించక, పాత ‘డ్రై వెయిట్’ (అదనపు నీరు లేని బరువు) దాకానే నీళ్లు తీస్తూ ఉంటే ఊపిరితిత్తుల్లో, కాళ్లలో నీరు మిగిలిపోతుంది, ఆ నీరే మళ్లీ ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచుతుంది. కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగిన ఉద్దానం మనిషికి పొటాషియం భయంతో కొబ్బరి బోండం నిషేధించాల్సి రావడం ఒక విషాదం. కనీసం ఏం తినొచ్చో చెప్పే మనిషి ఉండాలి కదా.

పింఛన్ల విషయంలో ఆంధ్రప్రదేశ్ 2019లో డయాలిసిస్ రోగులకు నెలకు 10 వేల రూపాయలు చేసింది. పెద్ద మేలు. ఆ డబ్బులో చాలా భాగం దారి ఖర్చులకూ, బయట కొనే మందులకూ పోతుందని ఏ కుటుంబాన్ని అడిగినా చెబుతుంది. ప్రయాణం భారమై వారానికి మూడు రావాల్సినవారు రెండే వస్తారు. మన దేశంలో రెండు సెషన్లే మామూలైపోయాయి కూడా. వచ్చినప్పుడు రెండు రోజుల నీరు కాదు, మూడు నాలుగు రోజుల నీరు ఒకేసారి లాగాలి. ఇంట్లోనే చేసుకోగల పెరిటోనియల్ డయాలిసిస్‌కు 2019లో కేంద్రం మార్గదర్శకాలైతే ఇచ్చింది. జిల్లాల్లో దాని జాడ కోసం వెతుక్కోవాలి.

డయాలిసిస్ మీద అయిదారేళ్లు దాటిన రోగిని రాత్రిపూట చేతుల సంగతి అడగండి. బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కి నిద్ర పట్టదు. లేచి చేతులు విదిలించుకుంటాడు. చొక్కా గుండీ పెట్టుకోలేడు. కిడ్నీలు బయటికి పంపని బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్ మణికట్టు దగ్గర పేరుకుని నరాన్ని నొక్కడం దీనికి ప్రధాన కారణమని జపాన్ పరిశోధకులు 1985లో కనిపెట్టారు. నీళ్లు శుభ్రంగా ఉంటే, పొర మంచిదైతే ఇది ఆలస్యమవుతుందనీ తేలింది. మన రోగులకు మాత్రం ఇది నరాల బలహీనతగానే తెలుసు. బీ కాంప్లెక్స్ మాత్రలు రాసిచ్చి పంపేస్తారు.

ఈ ఇన్‌ఫ్లమేషన్‌ను మందుతో పోగొడదామంటే దారి అంత సులువు కాదు. స్టాటిన్ మాత్రలు కొలెస్ట్రాల్‌ను తగ్గించినా డయాలిసిస్ రోగుల ప్రాణాలు కాపాడలేకపోయాయని జర్మనీలో జరిగి 2005లో ఫలితాలు వెలువడిన 4డి పరీక్ష, 2009 నాటి ఆరోరా పరీక్ష చూపించాయి. 1,360 మంది మీద జరిగి 2023లో వెలువడిన కన్విన్స్ అధ్యయనంలో ఎక్కువ మోతాదు హీమోడయాఫిల్ట్రేషన్ చేసినవారిలో మరణాలు తగ్గాయి. సాధారణ పద్ధతిలో 21.9 శాతం మంది చనిపోతే, ఇందులో 17.3 శాతం. వెంటనే కొత్త మిషన్ల కొనుగోలు ఫైళ్లు కదులుతాయేమో. ఆగాలి. ఆ పద్ధతిలో శుద్ధి చేసిన ద్రావణం లీటర్ల కొద్దీ నేరుగా రక్తంలోకే ఎక్కుతుంది. అల్ట్రాప్యూర్ నీళ్లు లేని చోట ఆ మిషన్ పెట్టడం మేలు కాదు, ప్రమాదం.

డబ్బుల్లేవన్న సాకు ఇక్కడ చెల్లదు. సీఆర్‌పీ, ఆల్బుమిన్ ఏ మామూలు ల్యాబైనా చేసే పరీక్షలు. మూడు నెలలకోసారి చేస్తే ఎవరిలో నిప్పు పెరుగుతోందో తెలుస్తుంది. పెరిగినవారిలో పైపు చూడాలి, ఎప్పుడో మూసుకుపోయిన పాత కృత్రిమ నాళం (గ్రాఫ్ట్) చూడాలి, నోరు తెరిపించి పళ్లు చూడాలి, ఆ వరుసలో అందరికీ పెరిగితే నీళ్లు చూడాలి. పక్క గదిలోనే దంత వైద్యుడు ఉండే జిల్లా ఆసుపత్రిలో డయాలిసిస్ రోగి చిగుళ్లను చూపించడానికి ఏ బడ్జెట్ కావాలి? నిజానికి ఖర్చు ఇప్పుడే ఎక్కువవుతోంది. ఇన్‌ఫ్లమేషన్ ఉన్న ఒంట్లో పనిచేయని ఇంజెక్షన్లకూ, పైపు చీము పట్టాక చేర్చుకునే ఐసీయూ మంచాలకూ అదే ఆరోగ్యశ్రీ కడుతోంది.

ఇప్పుడున్న ఒప్పందాలకు గడువు తీరగానే మళ్లీ టెండర్లు పిలవక తప్పదు. ఆ ముసాయిదాలో సెషన్ రేటు పక్కన ఇంకొన్ని గడులు చేర్చాలి. నీటి బ్యాక్టీరియా, ఎండోటాక్సిన్ ఫలితాలు నెలనెలా ఏజెన్సీతో సంబంధం లేని ల్యాబునుంచి రావాలి, ఆ కాగితం కేంద్రం గుమ్మం దగ్గర తెలుగులో అంటించాలి. మూడు నెలలు దాటి పైపు మీదున్న రోగుల శాతం, వణుకు వచ్చిన సెషన్ల సంఖ్య, ఆల్బుమిన్ 3.5 కన్నా తక్కువున్నవారి సంఖ్య, ఏడాదిలో చనిపోయినవారి సంఖ్య కేంద్రం వారీగా బయటపెట్టాలి. బిల్లులో కొంత భాగాన్ని వీటికి ముడిపెట్టి, నీళ్లు తప్పిన నెల ఆ భాగం ఆపాలి. నీళ్ల తగువు తెగేందుకు బోరు నుంచి మిషన్ దాకా బాధ్యత ఎవరిదో ఒక్క పేరు రాయాలి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, అసెంబ్లీ ఆమోదం అక్కర్లేదు. ముసాయిదా మీద సంతకం చేసేది ఆరోగ్య శాఖ కార్యదర్శి, ఆమోదించేది మంత్రి. రెండు రాష్ట్రాల్లోనూ ఈ ప్రశ్న వారికే.